ప్రభుదాసు పూసిన ప్లేటు

గుండుగొలనులో టీకి బస్సు ఆగిందంటే ప్రభుదాసుకి పండగే. తాడేపల్లిగూడెంలో బ్యాటరీల కొట్టు ఆయనది. తను బాగుచేసిన బ్యాటరీ ఒకటి ఆ పొద్దున్నే ఏలూరులో ఈ బస్సుకి బిగించి, దాని వెంటే తనూ ఎక్కాడు. అది గూడెం దాకా సవ్యంగా నడిస్తే మిగతా బస్సుల పని కూడా ఆయనకే ఇస్తానన్నాడు యజమాని ఈశ్వరప్రసాద్. కళ్ళారా చూద్దామని దెందులూరులో ఆయనా ఎక్కాడు. ఆ పని మీద ప్రభుదాసు కొండంత ఆశ పెట్టుకున్నాడు. అలాంటప్పుడు నోరు మూసుకుని టీ తాగడం ఆయన వల్ల అయ్యే పనేనా?

"ఇందులో ఏముందండీ!" అని మొదలుపెట్టాడు. "సీసం పలక మీద సింధూరం ముద్ద చేసి పూస్తాం. యాసిడ్‌లో ముంచి కరెంటు పెడతాం. ఎర్రటి పూత కాస్తా కాఫీగింజ రంగుకి తిరుగుతుంది. ఇక కరెంటు మోసేది ఆ పూతేనండి. ఇది అందరూ చేసేదే. నా చెయ్యి పడితే వేరు. కలిదిండిలో ఒకాయన రేడియోకి పెట్టానా, ఏడాది మోగింది. కట్టేసినా మోగిందండి! దుప్పటి కప్పి జోకొట్టేవారు పాపం."

"అమ్మో!" అంది చేపలబుట్ట పక్కన కూర్చున్న నాంచారమ్మ.

"ఇంకా వినండి. అలాంటి ప్లేటే ఒకటి పడవలో తీసుకెళుతూ కొల్లేట్లో జారవిడిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొల్లేరు కొల్లేరంతా ఛార్జయి కూర్చుంది! కలిదిండి ఒడ్డు ప్లస్సు, ఏలూరు ఒడ్డు మైనస్సు. పడవలు వాటంతటవే ఇటు నుంచి అటు పోతున్నాయి. ముదినేపల్లి వాళ్ళయితే ఆ నీళ్ళు ముంతల్లో పట్టుకెళ్ళి దీపాల బదులు గూట్లో పెట్టుకున్నారు. కొరమేనులు వేగిపోయి మరీ వల్లో పడేవి, ఉప్పూకారం జల్లుకోవడమే తరువాయి!"

"మరి కొంగలేమయ్యాయి?"

"మంచి మాట అడిగావమ్మా. కొంగ ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుందనుకున్నావు? రెండో కాలు దించితే సర్క్యూటు పూర్తయిపోతుందని! ఆ రోజు నేర్చుకున్నాయి, ఇప్పటికీ మర్చిపోలేదు."

ఈశ్వరప్రసాద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ప్రభుదాసుకి పని చేతికొచ్చేసినట్టే అనిపించి, సంతోషంతో గొంతు ఇంకాస్త పెరిగింది.

"చివరికి నేనే దిగి ప్లేటు పైకి తీశానండి. లేకపోతే ఏలూరికి రాత్రన్నదే ఉండేది కాదు. ఆ ప్లేటే ఇప్పుడు మీ బస్సులో ఉంది."

"అయితే ఇంకేం, పని మీదే అనుకోండి," అన్నాడు ఈశ్వరప్రసాద్. డ్రైవరు వైపు తిరిగాడు. "యోసేపూ, ఊరికే పెట్రోలు తగలేస్తున్నావేమయ్యా? ఆ ఇంజను కాస్త ఆపు."

అప్పటిదాకా ఆ గుడగుడ ఎవరికీ పట్టలేదు. ప్రభుదాసు టీ గ్లాసు పక్కన పెట్టేసి గబుక్కున లేచాడు.

"ఇంకో చిన్న సంగతి ఉందండీ..."

"ఆపమంటే ఆపుతానండి," అన్నాడు యోసేపు వినయంగా. "పొద్దున ఏలూరులో ఆపితే ప్యాసింజర్లంతా దిగి తోశారండి. అందరికంటే గట్టిగా తోసింది ప్రభుదాసు గారేనండి."