రెండు కార్డులు, ఒక్కటే ఫారం

నాచారంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి. ఇన్సూరెన్స్ కౌంటర్ వెనక దీప. ముందర, నిలబడీ నిలబడీ కాళ్లు పీక్కుపోతున్న నీలవేణి, ఆమె మొగుడు బాలరాజు. వాళ్ల బిడ్డ సహస్ర పైఅంతస్తులో అపెండిక్స్ ఆపరేషన్ కోసం ఎదురుచూస్తోంది.

"మళ్ల నింపాల్నా? పొద్దుగాల సంది ఎన్ని కాయితాలమ్మా! చెయ్యి నొస్తుంది."

"అవి పాతవి మేడమ్. ఇప్పుడు రాష్ట్రంల కొత్త చట్టమొచ్చింది. ఇంట్ల ఇద్దరికి ఇన్సూరెన్స్ ఉంటే రెండు కంపెనీలకు కలిపి ఒక్కటే ఫారం. సార్, మీ కార్డు ఇయ్యుండ్రి."

"నాదెందుకు? నీలవేణిది ఉంది గద. దాంతోనే కానియ్యుండ్రి."

"కాదు సార్. పాప మీ ఇద్దరి పాలసీలల్ల ఉంది. అమ్మానాన్నలల్ల ఎవరి పుట్టినరోజు ఏడాదిల ముందొస్తే వాళ్ల కంపెనీ ముందు పైసలియ్యాలె. పొద్దుగాల ఇచ్చిన ఆధార్‌లల్ల మీది జనవరి, మేడమ్‌ది జూన్."

"గా జనవరి ఉత్తదే. బడిల ఏసేటప్పుడు మా సారు తోచింది రాసిండు. నేను పుట్టింది బోనాలప్పుడు, జులైల."

"మరి మొన్న జనవరిల కేకు కోసినవ్ గద బావా? గల్లీ మొత్తం పంచినవ్."

"దోస్తులు తెచ్చిన్రు, కోసిన. నువ్వు జర ఊకో."

"ఎట్ల ఊకోవాలె? పైన పిల్ల కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతుంటే నీకు పుట్టినరోజు పంచాయితి గావాల్నా?"

"ఆధార్‌ల ఏది ఉంటే అదే లెక్క సార్. కార్డు..."

"ఇంట్ల మర్చిపోయిన."

"అబద్ధం! పర్సుల పెట్టుకున్నవ్. నేను సూసిన."

"అది వేరే కార్డు. నీలా, నా మాట ఇను, సర్కారు దవాఖానకు తీస్కపోదాం. గీ ఫారాల లొల్లే ఉండదు."

"ఇప్పుడు కదిలిస్తవా పిల్లను? లోపల పగిలితే పాణం మీదికొస్తదని డాక్టర్ నీ ముంగటనే చెప్పిండు గద!"

"సార్, పైన అంతా రెడీగ ఉంది. అప్రూవల్ కోసమే ఆగిన్రు. కార్డు లేకున్నా ఏం కాదు, ఫోన్ నంబర్ కొడితే వస్తది."

"నంబరు నేను రాసిస్త. ఇగో."

"వద్దు నీలా, ఆగు."

"ఎందుకాగాలె? ఏం దాస్తున్నవ్ నువ్వు?"

"నేనేం దాస్త..."

"వచ్చింది సార్. బాలరాజు, భార్య నీలవేణి, బిడ్డ సహస్ర... ఒక్క నిమిషం. పాపకు పోయినేడు ఉప్పల్‌ల అపెండిక్స్ తీసేసిన్రా?"

"మా పిల్లకా? అది దవాఖాన మంచం ఎక్కుడే ఇది మొదలు! నీ కంప్యూటర్ ఖరాబైనట్టుంది సూడు."

"పేరు అదే మేడమ్, పుట్టిన తారీఖు అదే. సార్ కార్డు మీదనే బిల్లు కూడ అయిపోయింది."

"బావా! పోయినేడు ఆపరేషన్ అయింది మీ అక్క బిడ్డకు గద?"

"అక్క కాళ్ల మీద పడ్డంత పని చేసింది నీలా. వాళ్లకు ఏ కార్డు లేకపాయె. ఇద్దరు పిల్లలది ఒకటే ఈడు. మన సహస్ర పేరు చెప్పి చేర్పించిన. పాణం పోతుంటే ఏం చెయ్యాలె?"

"నాకొక్క మాట చెప్పకపోతివి గద!"

"చెప్తే ఒప్పుకుంటుంటివా? అయినా ఒక కంపెనీ సంగతి ఇంకో కంపెనీకి ఎట్ల తెలుస్తది అనుకున్న."

"అమ్మా దీపా, నీకు దండం పెడత. ఈయనది ఇడిసిపెట్టు. నా కార్డు మీద పంపు. నాదాంట్ల ఏ మచ్చా లేదు."

"ఫారం ఒక్కటే మేడమ్. మీ కంపెనీ సూసేది కూడ గిదే. ఏమని రాయాల్నో మీరే చెప్పుండ్రి, పోయినేడు తీసేసిన అపెండిక్స్‌నే ఇయ్యాల మళ్ల తీస్తున్నమని రాయాల్నా?"