యెఫీమ్ దాటిన గీత

ఏప్రిల్లో మంచు కురిసినందుకు క్లావ్‌దియాకు కోపం రాలేదు. క్రస్నయార్స్క్‌లో పుట్టిన మనిషికి అదేం కొత్త కాదు. కోపమల్లా మొగుడు యెఫీమ్ మీద. మధ్యాహ్నానికల్లా మైదానంలో మంచు తియ్యకపోతే రిఫరీ ఆటను అవతలి జట్టుకు రాసిచ్చేస్తాడు. "తైగా" రగ్బీ క్లబ్బు పెద్ద లీగులోంచి దిగిపోతుంది. జట్టంతా పారలు గోడకానించి, స్టేడియం పక్కన ఆవిడ టీకొట్లో చేరింది. ఒకప్పుడు ఆ జట్టుకే ఆడిన యెఫీమ్ నోరు విప్పాడు మరి.

"ఎనభై ఒకటిలో ఇలాగే మంచు తుఫాను. గనుల ఊరి వాళ్ళతో సెమీఫైనల్. బంతి నా చేతికొచ్చింది. ఓ పదడుగులు పరిగెత్తానంతే, గొప్పేం కాదు."

"యెఫీమ్, పార!" అరిచింది క్లావ్‌దియా.

"ఉండవే. పదడుగులు పోయానా, ఒకడు నడుం పట్టుకున్నాడు. వాణ్ణి ఈడ్చుకుపోతుంటే ఇంకొకడు మెడకు వేలాడాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదిహేను మందీ నా మీదే! వాళ్ళ కోచ్ కూడా ఎక్కాడు, ఆఖరి బస్సు దొరికినట్టు!"

"మరి రిఫరీ?" కెప్టెన్ రుస్లాన్ ఇంకో టీ కోసం కప్పు చాపాడు.

"ఆయనా ఎక్కాడు. ఎక్కకపోతే నన్నెలా అందుకుంటాడు! మంచులో బంతితో దాటాల్సిన గీత కనబడదాయె, ఎక్కడని ఆగను? గోడ దూకాను, యెనిసెయ్ నది మీదుగా అవతలి ఒడ్డుకు..."

"డ్యామ్ కట్టాక యెనిసెయ్ ఇక్కడ గడ్డ కట్టదుగా మామా?" అన్నాడో కుర్రాడు.

"కట్టలేదు. అందుకే అంత జోరుగా పరిగెత్తాను. మునగడానికి తీరికేదీ? ఒడ్డున ఎలుగుబంటి ఎదురొచ్చింది."

"దాన్నీ మోశావా?"

"లేదు. అది మనవైపు ఆడింది."

క్లావ్‌దియా గరిటె బల్లకేసి కొట్టింది. ఇన్నేళ్ళుగా వింటున్న కథే, ఎలుగుబంటి మాత్రం ఈ ఏడే చేరింది.

"అయినా ఆ ఆట మనం ఓడిపోయాం కదా?" అన్నాడు రుస్లాన్.

"రిఫరీ చూడలేదురా!"

"నీ వీపు మీదే ఉన్నాడన్నావు!"

"వెనక్కి తిరిగి కూర్చున్నాడు."

మూల బల్ల దగ్గర, అవతలి జట్టు బస్సులో వచ్చిన ఓ ముసలాయన లేచాడు. "నా పేరు ఇన్నోకెంతీ. ఆవేళ మీ నడుం పట్టుకున్నది నేనేనండీ."

యెఫీమ్ మొహం వెలిగిపోయింది. "విన్నారా! సాక్షి!"

"మీరు గీత దాటిన మాట నిజమే. కాకపోతే అది మీ గీతే. తుఫానులో దిక్కు తెలీక మీ వైపుకే పరిగెత్తారు. ఆపుదామని పట్టుకోలేదు నేను, దారి తప్పకుండా తీసుకెళదామని పట్టుకున్నా. అక్కడ మీ చేతిలోంచి జారిన బంతి మాకు దొరికింది, అలా గెలిచాం. మా గనుల్లో ఇప్పటికీ ఏటా మీ పేరు చెప్పి గ్లాసెత్తుతాం."

కొట్టు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. యెఫీమ్ చెవులు బీట్‌రూట్లయ్యాయి. అంత కోపంలోనూ క్లావ్‌దియాకు జాలేసింది, అతని వంక చూడబుద్ధి కాలేదు.

ఇన్నోకెంతీ గోడ దగ్గరున్న పార ఒకటి అందుకున్నాడు. "పదండి. ఆడకుండా గెలిచామని ఇంటికెళ్ళి ఏం చెప్పుకుంటాం?"

కుర్రాళ్ళు సిగ్గుపడి ఒక్కొక్కరే బయల్దేరారు. క్లావ్‌దియా ఇంకో పార తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"నడు," అంది. "ఈసారి ఎటు తొయ్యాలో నేను చూపిస్తా."