నీళ్ళలో గుర్రు

ఒక్క నిమిషం ఆపు. ఆ "నాన్నా, కదలకు" అన్న గొంతు మీ పెద్దమ్మది. పోయి ఇన్నేళ్ళయింది కదా, పాత టేపులోంచి ఇలా వంటింట్లోకి వస్తుందనుకోలేదు. ఏం లేదులే, బాగానే ఉన్నాను. తన పనే అది, తీగకు కట్టిన మైకు సముద్రంలోకి వదిలి చేపల్ని వినడం. చేపలు మాట్లాడతాయా అక్కా అంటే, "నీకంటే ఎక్కువే" అంది. బురదనీళ్ళలో కంటికి ఆననిది చెవికి ఆనుతుందిట. రొయ్యలైతే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు. ఒకరకం చేపలు పొట్టలో గాలితిత్తి ఆడించి గుర్రుమంటాయి, అదీ పొద్దు వాలేవేళ, గుంపుగా. అప్పట్లో మా ఇంటి ముందున్న సముద్రపు పాయను రాళ్ళతో పూడ్చి పడవల షెడ్డు కడతామన్నారు. అందులో చేపల్లేవు, పూడిస్తే పోయేదేముంది అన్నాడు పెద్దాఫీసరు. ఉన్నాయని అక్క చూపించాలి. మీ తాతయ్య తెడ్డు వేశాడు, ఇద్దరూ వెళ్ళొచ్చారు. టేపు నిండా గుర్రు. అక్క కాలు నేల మీద నిలవలేదు. అన్నాల దగ్గర మాకూ వినిపించింది. మీ అమ్మమ్మ వడ్డిస్తున్నది ఆగి, "ఇదేం చేపే, మీ నాన్న" అంది. తిన్నది అరగక పడవలోనే కునుకు తీశాడు మహానుభావుడు, తల చెక్కకి ఆనించి. మైకు తీగ ఆ చెక్కకే కట్టి ఉంది, గురకంతా దాంట్లోకే దిగింది. అక్క టేపు ఆపేసింది. మర్నాడు ఆఫీసులో చెబితే పక్క సీటాయన, "ఎవరికి తెలుస్తుందండీ, ఉండనివ్వండి" అన్నాడట. "రేపు ఇంకొకరు మైకు వేసి చేపలేవీ అంటే, మా నాన్నని తీసుకొచ్చి పడుకోబెట్టనా?" అంది అక్క. నిండు మీటింగులో లేచి, అది మా నాన్నగారండీ, ఇంకొక్కసారి అవకాశమివ్వండి అని అడిగింది. నవ్వారు. నవ్వనీ. ఆఫీసరు మాత్రం ఈసారి నేనూ వస్తానన్నాడు. అమ్మా ఎక్కింది పడవ, నాన్నకి ఎదురుగా కూర్చుని, "రెప్ప వాల్చావో నీళ్ళలోకి తోస్తా" అంటూ. ఎంతసేపూ చిటపటలే. పొద్దు వాలింది. అప్పుడు మొదలైంది, ముందొకటి, తర్వాత పది, తర్వాత పాయంతా. చెవులకు తగిలించుకున్నది తీయకుండానే ఆఫీసరు నాన్న నోటి వంక అనుమానంగా చూశాడట. నాన్న పెదాలు బిగించి, కళ్ళు ఇంతలేసి చేసుకుని కూర్చున్నాడు. ఇక షెడ్డు ఊసే లేదు. నాన్న కూడా ఓసారి చెవిన పెట్టుకుని విని, "వీటికంటే నేనే నయం" అన్నాడు. అమ్మ ఊరుకుంటుందా, "పక్కన పడుకునేది నేను, అది నేను చెప్పాలి" అంది. నవ్వుతావేం, కూర మాడుతోంది, చూడు.