ఊగే స్టూలు

దేవరుప్పులలో ఇంటి వెనక రేకుల కొట్టంలో, ఆయన తన చేత్తో చేసిన మొదటి స్టూలును భార్య ముందు పెట్టాడు. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేని ఆమె దాన్ని వేలితో తోసి చూసింది.

“ఊగుతున్నది.”

“ఒక కాలు జర పొట్టిగైంది.”

“అదే పొట్టిగైందా, నువ్వు కోసినవా? నేను పడి నడుమిరిగితె, దవాఖానకు గూడ నువ్వు చేసిన బండిలనే తీస్కపోతవా?”

“మిగిలిన కాళ్లు రందా పట్టి చెక్కి సక్కజేస్త.”

“నెల సంది సక్కజేస్తనే ఉన్నవ్. టేకు మొద్దంత రంపం పొట్టు అయింది. పొయ్యిలకు మంచిగ అక్కరకొచ్చింది.”

“ఎగతాళి జెయ్యకు. చేతులు బొబ్బలెక్కినయ్.”

“ఏళ్లకేళ్లు మందు సీస పట్టిన చేతులు గదా, రంపం కొత్తనే ఉంటది. అప్పుడు నువ్వు ఊగుకుంట ఇంటికొచ్చేటోనివి. ఇప్పుడు స్టూలు ఊగుతున్నది.”

ఆయన తలవంచుకుని ఉలిని తుడిచాడు.

“నాతోని గాదు. రేపు సామాన్లన్ని అమ్మేస్త. మళ్ల సాయంత్రాలు ఏం జెయ్యాల్నో.”

ఆ చివరి మాటకు ఆమెకు పాత సీసా గుర్తొచ్చింది. గోడ పట్టుకుని మెల్లగా ఆ స్టూలు మీదే కూర్చుంది. అది పక్కకు ఒరిగినా లేవలేదు.

“అమ్ముడెందుకు? నేనొక్కదాన్నే ఊగుకుంట కూసుంటె ఏం బాగుంటది? రేపు నీకొకటి చేసుకో.”