కుంటుతున్న సున్నా

మా మేనత్త గురించా? అయితే ముందు నారికురుపు గురించి చెప్పాలి. తెలీదా? తెలీకపోవడమే మంచిదిలే. తాగే నీళ్లతో కడుపులోకి పోయి, ఏడాది తిరిగేసరికి కాల్లోంచి దారంలా బయటికొచ్చే పురుగు. అగ్గిపుల్లకి చుట్టి రోజుకి కాస్త లాగాలి. ఆ మంటకి మెట్లబావిలో కాలు పెడితే హాయిగా ఉండేది. పురుగేమో ఆ నీళ్లలోనే పిల్లల్ని వదిలేది. మళ్లీ అవే నీళ్లు మన కుండలోకి. నాకెలా తెలుసంటావా? పెద్ద డాక్టరుగారు జీపులో వచ్చి మైకులో చెప్పారుగా! ఒక్క ముక్క తప్పు చెప్పలేదు పాపం. మంచి మనిషే, చొక్కా నలిగేది కాదంతే. వడకట్టుకోమని ఇంటింటికీ గుడ్డ పంచారు. మా అమ్మ దాంతో దిండు గలీబు కుట్టింది. ఏం, మెత్తగా ఉంది మరి! వేసవికల్లా జబ్బు ఉండకూడదని పైనుంచి ఆర్డరు, కురుపుతో బావిలో దిగితే జరిమానా. ఇంకేముంది, కురుపులన్నీ మాయం. అంటే, దుప్పట్ల కింద దాక్కున్నాయి.

ఆఁ, మేనత్త. ఆవిడ మాత్రం విందా? తాపీమేస్త్రీ మావయ్యకి కురుపొచ్చి మంచమెక్కితే "వేడి చేసింది" అంది. తర్వాత కూతురికి మోకాలి దగ్గర లేచింది. పరుగుపందేల పిల్ల. లాగుతుంటే పురుగు లోపలే తెగి, చీముపట్టి, కాలు కొయ్యలా బిగుసుకుపోయింది. ఆ మర్నాడే మేనత్త వెళ్లి బావి మెట్ల మీద కూర్చుంది. "ఏదీ, కాలు చూపించు! నీ కురుపు నీ ఇంట్లో పెట్టుకో, నా కుండలో ముంచకు. బిందె ఇటివ్వు, నేను తోడిస్తా." మంగలి "నన్నే ఆపుతావా?" అన్నాడు. "నిన్నే. ఊరందరి గడ్డాలూ గీస్తావు, నీ కాలు చూసుకోవూ?" ఆడవాళ్లు వంతులేసుకున్నారు. మా అమ్మ గలీబు విప్పి కుండకి కట్టింది.

అంతలో సభ. డాక్టరుగారు "మీ ఊళ్లో కేసులు సున్నా!" అన్నారు. చప్పట్లు. మేనత్త మావయ్యని చెయ్యిపట్టి స్టేజీ ముందుకి నడిపించింది. "అయ్యా, మీ సున్నా కుంటుతోంది, కాస్త కుర్చీ ఇప్పించండి." వెనక ఇంకో సున్నా లేచింది, ఇంకోటి... మంగలితో సహా. లెక్క రాసిన గుమాస్తా "నిన్నటిదాకా లేవండీ ఇవి" అని నసిగాడు. డాక్టరుగారు దిగొచ్చి, నేలమీద కూర్చుని మావయ్య కాలి కట్టు విప్పి చూశారు. "ఏం చెయ్యమంటావమ్మా?"

"జరిమానా తీసెయ్యండి. మెట్లు మూయించి గిలక పెట్టించండి. ఎన్నాళ్లని కాపలా కాస్తాను, ఇంట్లో పొయ్యి నేను వెలిగించుకోవద్దూ?"

ఆవిడ నోటికి ఊరు ఆగింది గానీ, సిమెంటు రావాలంటే ఆయన సంతకం పడాలిగా! వచ్చింది. కాలు మానాక మావయ్యే కట్టాడు.

తర్వాత జబ్బు పోయిందని మళ్లీ సభ. ఈసారి నిజంగానే పోయింది. మేనత్త మెళ్లో పతకం వేసి, "రెండు మాటలు చెప్పమ్మా" అని మైకు ముందు నిలబెట్టారు. జనంలో కూతురు, ఆ కాలు చాపుకుని, ఒకటే చప్పట్లు. మేనత్త దానివైపే చూస్తూ నోరు తెరిచింది. పతకం తీసి మైకుకి తగిలించి, దిగొచ్చేసింది.

ఊఁ... ఆ కిటికీ వెయ్యి, దుమ్మొస్తోంది.