నాంచారమ్మ అడిగిన బండి

నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది, మంత్రసాని. మా ఊళ్ళో సగంమందికి బొడ్డు కోసింది ఆవిడే అనుకో. ఒక్కడే కొడుకు, వీరాస్వామి. క్షవరాలు చేస్తా కమ్యూనిస్టుల పేపరు చదివి వినిపించేవాడంట. కూలోళ్ళు చుట్టూ కూచుని ఇనేవాళ్ళు. తెల్లోడి దొరతనం కదా, కమ్యూనిస్టు అంటేనే నేరం అప్పుడు. ఏమైందంటే, ఆ ఏడు కూలోళ్ళు కూలి పెంచితేగానీ కోతలకి రామన్నారు. ఇది వీరాస్వామి పెట్టిన చిచ్చేనని ఆసామి పేరయ్యగారికి మంట. ఇక పుకారు లేపారయ్యా, ఈ కమ్యూనిస్టులు గుళ్ళు పడగొడతారంట, పెళ్ళాల్ని పంచుకుంటారంట అని. వీరాస్వామికి పెళ్ళే కాలేదు, ఎవర్ని పంచుతాడు? అయినా నమ్మారు.

ఒకరోజు పొద్దున్నే పేరయ్యగారు కల్లు పోయించి, ముప్పైమందికి కర్రలిచ్చి తోలాడు. పేపర్లు తగలబెట్టారు, గుడిసె పీకారు, ఆ పిల్లోణ్ణి కొట్టారు చూడు, కుడిచెయ్యి ఇరిగింది, నోట్లోంచి రక్తం. నాంచారమ్మ అడ్డంబడితే జుట్టు పట్టి ఈడ్చారంట. ఈడ్చినోడూ ఆవిడ చేతుల్లో పుట్టినోడే, ఏం చెప్పేది. పట్నం ఆసుపత్రికి తీసుకుపోదామంటే, భయంతో ఎవరూ బండి ఇవ్వలా. మధ్యాన్నానికి పేరయ్యగారి బండే వచ్చి ఆగింది. ఆయన కూతురు సుభద్రకి నొప్పులంట, బిడ్డ అడ్డం తిరిగిందంట. పాలేరు తల దించుకుని చెప్పాడు. నాంచారమ్మ కదల్లా. వీరాస్వామే కళ్ళు తెరిచి, 'ఎల్లమ్మా, ఆ పిల్లేం చేసింది' అన్నాడంట.

కొడుకుని పక్కింటోళ్ళకి అప్పజెప్పి ఎల్లింది. అరుగు మీద పేరయ్యగారుంటే ఎదురుగా నిలబడి, 'అయ్యా, నీ బండి నా కొడుకుని పట్నం తీసుకుపోవాల. కొట్టినోళ్ళే ఎత్తి పడుకోబెట్టాల. నువ్వు పంపినా పంపకపోయినా నేను లోపలికే పోతన్నా, నీ కూతురితో బేరం పెట్టను' అంది. అని పోయి చేతులు కడుక్కుంది. ఆయన కూచున్నాడు. లోపల కూతురు అరుస్తా ఉంది. ఇంకోసారి అరిచింది. అప్పుడు లేచి, కండువా దులుపుకుని, ఆ ముప్పైమందిలో నలుగుర్ని పిలిచాడంట.

పొద్దుగూకేసరికి బిడ్డ ఏడిచింది, ఆడపిల్ల. సుభద్రా గట్టెక్కింది. నాంచారమ్మ బయటికొచ్చి 'బండి ఎల్లిందా' అంది. 'ఎల్లింది' అన్నాడాయన, మొహం చూడలా. మంచినీళ్ళన్నా తాగకుండా పట్నం దారి పట్టి నడిచింది ఆ తల్లి. వీరాస్వామి బతికాడు. కుడిచెయ్యి మళ్ళీ పనికి రాలా, ఎడంచేత్తో కత్తి పట్టడం నేర్చుకున్నాడు. మరి పేరయ్యగారు మారాడా అంటారేమో. ఏం మారలా. మర్నాడే కేసు పెట్టించి ఆ పిల్లోణ్ణి ఆర్నెల్లు జైల్లో ఏయించాడు. ఆ ఒక్క పూటే మనిషయ్యాడు. ఆ పూటకి మూడు ప్రాణాలు నిలిచినయ్. చాలని నేననను, తక్కువనీ అనను.