రామేశ్వరమ్మ చెప్పాల్సిన జవాబులు

లోపలికి పోకు బిడ్డా, జర ఆగు. ఏంది, నెలకోసారి వస్తవు, ఎన్నడన్న లోపలికి పోతనన్నవా? గియ్యాల్నే ఎందుకు? ఆ పీట మీద కూసో, చాయ్ పెడ్త.

సరే, చాయ్ వద్దు. రోగిని చూడకుండ కాయిదాలు నింపితే చెల్లవన్నడా మీ సారు? పట్నంల కూసున్న సారుకేం తెలుసు. ముప్పై ఆరు ప్రశ్నలు, ఒక్కటన్న వదిలిన్నా నేను? గద్వాల మొత్తంల గింత మంచిగ చెప్పేటోడు దొరికిండా నీకు? నువ్వే అన్నవు గద, కాకా, నీ మాటలకు టేపు సాల్తలేదని.

మనసు బాగలేనోళ్ల బాధలు, వాళ్లను చూసుకునేటోళ్ల బాధలు... గిది గూడ ఒక చదువని నువ్వొచ్చినంకనే తెలిసె. నా పెండ్లాం రామేశ్వరమ్మ మాట మానేసి, ఏడాది సంది గోడదిక్కు తిరిగి పండుకుంటే ఈ గల్లీల ఎవడన్న అడిగిండా? పట్టు అంచు కలపాలంటే మగ్గం మీద పక్కన ఇంకో మనిషి కూసోవాలె. ఒక్కన్ని ఎట్ల నేద్దు? నీకెట్లుంది కాకా అని అడిగినదానివి నువ్వొక్కదానివే.

తొలిసారి ఆమెను చూసినవు గద. అమ్మా, నీ బాధ ఏంది అని అడిగినవు. ఆమె నోరు తెరిచింది. నేనే అడ్డమొచ్చి, ఆమెకు చెప్పరాదు, నేను చెప్త అన్న. నువ్వు రాసుకున్నవు.

ఇగ దాచేదేముంది. లోపల ఎవ్వరు లేరు. చాప చుట్టి మూలకు పెట్టిన, కావాలంటే చూడు.

మూడు నెలలాయె. వాళ్లన్న మాసయ్య వచ్చి వాళ్ల ఊరు రాజోలికి తోల్కపోయిండు. నువ్వొచ్చి ఆమె ఏదని అడిగినప్పుడల్ల నిద్రపోయింది, తానం చేస్తుంది అని నేనే అడ్డం పడ్డ. తింటలేదు, ఏడుస్తుంది అని రాయించిన గద, అన్ని ఉత్తయే. ఆ మూడు నెలల కాయిదాలు చింపెయ్. మరి రోగి లేని ఇంటికి నువ్వెందుకొస్తవు బిడ్డా? నువ్వొచ్చిన రోజు తప్ప ఈ ఇంట్ల నేను ఎవ్వరితోని మాట్లాడాలె?

నయమైందా అంటవా? అయ్యింది. అదే నా పరేషాన్. మొన్న మాసయ్య వచ్చి చెప్పిండు. మగ్గం మీద వాళ్ల వదిన పక్కన కూసొని అంచు కలుపుతుందంట, పొద్దంత ముచ్చటేనంట. ఇరవై రెండేండ్లల నాతోని ఇన్ని మాటలు మాట్లాడలే ఆమె.

ఏం మందు పెట్టినవు బావా అని అడిగిన. మందేం లేదు, ఆమె మాట అయ్యేదాక ఊకుంటున్నం అన్నడు.

గిది నీ కాయిదంల ఏ ప్రశ్న కింద రాస్తవో నాకు తెల్వదు.

రాజోలి బస్సు పదకొండు గంటలకుంది. పో, ఆమెనే అడుగు.

నేనా? నేను రాను బిడ్డా. వస్తే మొదటి ప్రశ్నకే ఆమెకన్న ముందు నేనే అందుకుంట.